డబ్బున్నా బిల్లు గడువు దాటుతోంది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చేతిలో డబ్బున్నా కరెంటు బిల్లు గడువు దాటాకే కడతాను. ఏ పనైనా సగంలో వదిలేస్తాను. మా ఆవిడ బద్ధకం అంటుంది. ఇది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) కావచ్చా?

జవాబు: కావచ్చండి. బద్ధకమని మాత్రం మీకు మీరు ముద్ర వేసుకోకండి. నచ్చిన పనిలో గంటలు గడిచినా తెలియకపోయినా, ఐదు నిమిషాల ఫారం నింపలేకపోవడం, ఎదుటివారి మాట పూర్తికాకుండానే అందుకోవడం, కూర్చున్నా లోపల కుదురు లేకపోవడం ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దల్లో తరచూ కనిపిస్తాయి. అసలు ఆధారం బాల్యంలో ఉంటుంది. కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇబ్బంది పెడుతుండాలి. ఈమధ్యే మొదలైతే ముందు నిద్రలేమి, ఆందోళన, థైరాయిడ్ చూడాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు తీసుకుని, వీలైతే అమ్మగారిని వెంటబెట్టుకుని సైకియాట్రిస్టును కలవండి. మందులు, కౌన్సెలింగ్ చాలామందికి బాగా పనిచేస్తున్నాయి.