పాసింజరు బండి ఎంత దూరంలో ఆగుతుంది?

కవిటి వైపు నుంచి పలాస చేరుకుని, విశాఖపట్నం పాసింజరు ఎక్కినవారు మీలో కొందరైనా ఉంటారు. నౌపడ, తిలారు, ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరం మీదుగా, చిన్న స్టేషన్లలో కూడా ఆగుతూ పోయే బండి అది. స్టేషనుకు చాలా ముందు నుంచే దాని వేగం తగ్గడం గమనించారా? అంత ముందుగా బ్రేకు వేయడం ఎందుకు?

ఉద్దానం ఇసుక దారిలో సైకిలు తొక్కుతూ, తొక్కడం ఆపి చూడండి. నాలుగు గజాలు పోకుండానే నిలిచిపోతుంది. తారు రోడ్డు మీద అయితే చాలా దూరం పోతుంది. చక్రం కింద ఇసుక అణగుతుంది, శక్తి అక్కడే ఖర్చవుతుంది. తారు అంతగా అణగదు. ఉక్కు పట్టా, ఉక్కు చక్రం దాదాపు అణగనే అణగవు. కనుకనే ఒక్క ఇంజను వందల టన్నుల బండిని లాగగలుగుతున్నది.

అయితే ఈ మేలు వెంటే ఒక చిక్కు ఉంది. నున్నని ఉక్కు మీద ఉక్కుకు పట్టు, అనగా ఘర్షణ, తక్కువ. వాన పడితే ఇంకా తగ్గుతుంది. బ్రేకు మరీ గట్టిగా వేస్తే చక్రం తిరగడం మాని జారుతుంది. కాబట్టి బండిని నెమ్మదిగానే ఆపాలి.

ఇక లెక్క చూద్దాం. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. బ్రేకు వేశాక ఈ వేగం ప్రతి సెకనుకూ అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుందాం. వేగం యొక్క వర్గాన్ని రుణత్వరణానికి రెండు రెట్లతో భాగిస్తే ఆగే దూరం వస్తుంది. అనగా 625ను 1తో భాగించాలి: 625 మీటర్లు! వేగం సగమైతే దూరం నాలుగో వంతు, సుమారు 156 మీటర్లు. గంటకు 10 కిలోమీటర్లయితే 8 మీటర్ల లోపే.

ముందున్న బండిని కంటితో చూశాక బ్రేకు వేస్తే చాలదు కనుక సిగ్నళ్ళు అవసరమయ్యాయి. ఆటోమేటిక్ సిగ్నలు ఉన్నచోట పట్టాలలో స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. బండి వస్తే చక్రాలు, ఇరుసులు ఆ రెండు పట్టాలను కలుపుతాయి, సిగ్నలు ఎరుపవుతుంది. వలయం తెగినా ఎరుపే. మరి ఆ ఎరుపుకు కారణం లోపమా, ఎదుట నిలిచిన బండా? డ్రైవరుకు తెలియదు. అందుచేత రాత్రివేళ అలా లోపం వచ్చిన సిగ్నలు వద్ద రెండు నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్లు మించకుండా సాగాలని నిబంధన. ఆ 8 మీటర్ల లెక్క ఇక్కడ పనికివస్తుంది: ఎదుట బండి కనబడ్డాక కూడా ఆగడానికి వ్యవధి ఉంటుంది.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య మన పలాస పాసింజరును వెనుక నుంచి రాయగడ పాసింజరు ఢీకొన్నది. 14 మంది మరణించారు. లోపం వచ్చిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళను వెనుక బండి నిబంధన పాటించకుండా దాటిందని రైల్వే ప్రాథమిక విచారణ పేర్కొన్నది. నిబంధన పుస్తకంలోని చిన్న అంకె వెనుక ఎన్ని ప్రాణాలుంటాయో చూడండి.

ఇప్పుడు ఒక లెక్క మీకు. బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. 300 మీటర్ల దూరంలో ఒక విద్యార్థి పట్టాలు దాటుతూ కాలు జారి పడ్డాడు. డ్రైవరు వెంటనే బ్రేకు వేశాడు. బండి ఆగుతుందా? లెక్క కట్టి చూడండి. జవాబు వచ్చాక, ఇకపై పట్టాలు ఎక్కడ దాటాలో మీరే నిర్ణయించుకుంటారు.