కంచమూ కాపురమూ: ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్స తర్వాత
సందేహాలు – సమాధానాలు

మా ఆయనకు అరవై నాలుగేళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ అయిపోయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి హార్మోన్ సూది వేస్తున్నారు. చుట్టాలు తలా ఒక మాట చెప్తున్నారు. పాలు మానిపించమని ఒకరు, అన్నం ముట్టనీయకుండా సిరిధాన్యాలే పెట్టమని ఒకరు, చక్కెర క్యాన్సర్‌కు మేత అని ఇంకొకరు. అందరి మాటా విని చప్పిడి కూడే పెడుతున్నాను. రెండు ముద్దలు తిని లేచిపోతారు. నా వంట వల్ల జబ్బు తిరగబెడితే ఆ పాపం నాదే కదా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, సిరిగేరి

అమ్మా, ముందు ఆ పాపం మాట తీసేయండి. ఏ ఇల్లాలి వంట వల్లా ఈ జబ్బు తిరగబెట్టదు. ప్రొస్టేట్ క్యాన్సర్ తొలిదశలో ఉండి, వైద్యుల పరిశీలనలో ఉన్న 478 మంది మగవాళ్లతో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. వాళ్లలో సగంమందికి రెండేళ్లపాటు వెంటపడి మరీ కూరగాయలు ఎక్కువగా తినిపించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు ముదరడం ఏమీ తగ్గలేదు. కూరగాయలు వద్దని నేను అనడం లేదు, అవి గుండెకు, పేగులకు మంచివి. క్యాన్సర్‌ను ఆపే పని మందులది, సూదులది. ఆ బరువు మీ పొయ్యి మీద పెట్టుకోకండి.

మీ వంట చేయగలిగిన మేలు వేరే ఉంది. ఆయనకు వేస్తున్న సూది ఒంట్లో మగ హార్మోన్‌ను దాదాపు అడుగంటా తగ్గిస్తుంది. ఆ హార్మోన్ తగ్గిస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ అణుగుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ అనే వైద్యుడు నిరూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే ఆ హార్మోన్ లేనప్పుడు కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, షుగర్, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువవుతుంది. మీరు కాపాడాల్సింది కండను, ఎముకను, గుండెను. అందుకు చప్పిడి కూడు పనికిరాదు.

మీ తుంగభద్ర కాలువ కింద పండే సోనామసూరి అన్నం మానిపించక్కర్లేదు. కంచంలో అన్నం కుప్ప తగ్గించి, పప్పు, కూర పెంచండి. ఒక పూట అన్నం, ఒక పూట జొన్నరొట్టెలు. రొట్టెల్లోకి పుండికూర పప్పో, చిక్కుడు గింజల కూరో, మొలకెత్తిన పెసల కూరో చేయండి. గురెళ్ల పొడి, అవిసె పొడి, శెనక్కాయల పొడి మీ ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే, వేసుకోమనండి. ఉప్పు మాత్రం తగ్గించి కొట్టండి. ఆయన బరువు అరవై కిలోలైతే రోజుకు సుమారు అరవై గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లలో పన్నెండు గ్రాములు, గుప్పెడు శెనక్కాయల్లో ఏడెనిమిది గ్రాములు దొరుకుతాయి. తినే అలవాటుంటే చేపలు, కోడికూర మంచివి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరు చెప్పినట్టు మారుతుంది.

పాలు మానిపించవద్దు. చెంబులకొద్దీ తాగించనూ వద్దు. రోజుకు ఒక గ్లాసు పాలు, పూటపూటా మజ్జిగ సరిపోతుంది. పావు లీటరు పాలల్లో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350. మొత్తం మీద రోజుకు వెయ్యి నుంచి పన్నెండు వందల మిల్లీగ్రాములు అందితే చాలు. కాల్షియం, విటమిన్ డి మాత్రలు, ఎముకల సాంద్రత పరీక్ష గురించి సూది వేసే డాక్టరును అడగండి. ఆయన చెప్పకపోయినా మీరే అడగండి. ఎముకకు తిండి ఒక్కటే చాలదు, నడక కావాలి, బరువులెత్తే పని కూడా కావాలి. చికిత్స అయిందని మంచంలో కూర్చోబెట్టి చేతికి అన్నీ అందించడం ప్రేమే కానీ, ఆయన కండకు అది చేటు.

చక్కెర మేత అన్నది సగం మాట. ఒంట్లో ప్రతి కణమూ చక్కెర వాడుకుంటుంది. మనం మానేసినంత మాత్రాన క్యాన్సర్ పస్తుండదు. బరువు, షుగర్ పెరగకుండా తీపి తగ్గించాలి, అంతే. పండగనాడు ఒక ఓళిగ, ఎప్పుడైనా ఉగ్గాని బజ్జీ తింటే ఏ ప్రమాదమూ లేదు. సిరిధాన్యాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. రేడియేషన్ వల్ల విరేచనాలు, మలద్వారం దగ్గర మంట ఇంకా ఉంటే, అవి తగ్గేదాకా పీచు ఎక్కువున్న జొన్నలు, కొర్రలు, పచ్చి కూరగాయలు ఆపి మెత్తని మజ్జిగన్నం పెట్టండి. మలంలో రక్తం పడితే డాక్టరుకు చూపించాలి.

ఇక మీరు అడగని సంగతి. ఉత్తరమంతా ఆయన తిండి గురించే రాశారు. ఆయన ఏమంటున్నారో, ఏం మాట్లాడుతున్నారో ఒక్క వాక్యం లేదు. రెండు ముద్దలకే లేచిపోవడం వంట బాగాలేకనే కాకపోవచ్చు, దిగులు వల్ల కూడా కావచ్చు. ఈ సూది మనసును కూడా కుంగదీస్తుంది. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు, చెమటలు, చిరాకు, కారణం లేని కన్నీళ్లు వస్తాయి. ఇవి మీకు కొత్త కాదు. ముట్లుడిగిన రోజుల్లో మీరు పడినవే ఇప్పుడు ఆయన పడుతున్నారు. మగవాడికి ఇలా అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ‘నాకూ ఇట్లే అయ్యేది, మీకూ అట్లే ఉందా?’ అని అడిగి చూడండి. ఈ విషయంలో ఆ ఇంట్లో అనుభవజ్ఞులు మీరే. ఆవిర్లకు రాత్రిపూట కాఫీ, కారం, మద్యం తగ్గించడం, నూలు పంచె, పక్కన చెంబెడు నీళ్లు కొంత పనిచేస్తాయి. మరీ ఎక్కువైతే మందులున్నాయి.

ఇంకొక్క మాట. వడ్డించి పక్కన నిలబడి ఆయన ఎన్ని ముద్దలు తిన్నారో లెక్కపెట్టకండి. మీ కంచమూ పెట్టుకుని ఎదురుగా కూర్చోండి. ఆ వంటే మీరూ తినండి, పగటిపూట కారం కూడా మామూలుగానే వేయండి. నెలకోసారి బరువు చూసుకోండి. ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే, వెన్నులో కొత్తగా నొప్పి మొదలైతే డాక్టరుకు చెప్పండి. కాళ్లలో బలం తగ్గినా, మొద్దుబారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎనిమిది నెలల కింద ప్రొస్టేట్ ఆపరేషన్ అయింది. పీఎస్‌ఏ రక్తపరీక్ష బాగుందన్నారు. కానీ దగ్గినా, వడ్ల మూట పట్టినా మూత్రం జారుతోంది. దాంపత్యం అసలే లేదు. వాసన వస్తుందేమోనని వసారాలో పడుకుంటున్నాను. నా మీద ఇష్టం పోయిందా అని ఆమె ఒకసారి అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. బెంగళూరు బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్లు మానేస్తాను. నేను మగవాణ్నేనా అని అనుమానం వస్తోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, సిరుగుప్ప తాలూకా

అన్నా, ఈ ఉత్తరం రాయడానికి మీకు ఎంత కష్టమైందో తెలుస్తూనే ఉంది. మీ ఈడు మగవాళ్లు చాలామంది ఇదే బాధను డాక్టరుకు కూడా చెప్పకుండా ఏళ్లు గడిపేస్తారు. మీరు రాశారు, అది మంచి పని.

మూత్రం సంగతి. ప్రొస్టేట్ తీసేసినప్పుడు మూత్రాన్ని పట్టి ఉంచే ఏర్పాటు కొంత దెబ్బతింటుంది. ఎక్కువమందికి ఏడాదిలోపు బాగా సర్దుకుంటుంది, మీకింకా సమయం ఉంది. గాలి పోకుండా బిగబట్టేటప్పుడు బిగుసుకునే కండరం ఉంది కదా, దానికి కసరత్తు కావాలి. ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. దగ్గే ముందు, మూట ఎత్తే ముందు ఆ కండరం బిగించడం అలవాటు చేసుకోండి. ఇంకొన్నాళ్లు బరువైన మూటలు వేరేవాళ్లకు వదిలేయండి. నీళ్లు మానేయడం తప్పు. మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది. దానికి బదులు ప్రయాణానికి ముందు టీ, కాఫీ ఆపండి. మందుల షాపులో ప్యాడ్లు దొరుకుతాయి, పెట్టుకుని బస్సెక్కండి. బీడీ, గుట్కా ఉంటే మానేయాలి. పొగాకు దగ్గును పెంచుతుంది, ఈ క్యాన్సర్‌కూ అది చెడు చేస్తుంది. ఏడాది దాటినా జారడం తగ్గకపోతే దానికీ ఆపరేషన్లున్నాయి.

ఇక దాంపత్యం. అంగానికి పటుత్వమిచ్చే నరాలు ప్రొస్టేట్‌ను అంటిపెట్టుకుని వెళ్తాయి. వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని 1982లో అమెరికాలో పాట్రిక్ వాల్ష్ మొదలుపెట్టాడు. అంతకుముందు ఈ ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు అందరూ పటుత్వం పోగొట్టుకునేవారు. నరాలు మిగిలినా అవి కోలుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. మీవి ఎంతవరకు మిగిల్చారో సర్జన్‌ను సూటిగా అడగండి. మాత్రలు, గాలితో లాగే పంపు, సూది ఇలా ఒకటి కాకపోతే ఒకటి ఉన్నాయి. కానీ గుండెకు నైట్రేట్ మందు, అంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటిది వాడేవారు ఈ మాత్రలు ముట్టకూడదు. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. షాపులో అడిగి కొనుక్కోకండి.

వీర్యం ఇక రాదు, అది తయారయ్యే చోటు తీసేశారు. అయినా సుఖం అనుభవించే శక్తి పోదు. పటుత్వం లేకపోయినా అది కలగవచ్చు. దగ్గరికి వస్తే క్యాన్సర్ అంటుకుంటుందని మీకో ఆమెకో లోపల భయం ఉంటే వదిలేయండి. అది అంటేది కాదు.

మీరు వసారాలో పడుకోవడం ఆమెను కాపాడుతోందని మీరు అనుకుంటున్నారు. ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది, అడిగింది కూడా. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. ముఖాముఖి కూర్చుని చెప్పడం కష్టమైతే, పొద్దుగూకే వేళ కాలువగట్టు మీద ఇద్దరూ నడవండి. పక్కపక్కన నడిచేటప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. ‘ఇష్టం పోలేదు, జారుతోంది, సిగ్గుగా ఉంది’ అంటే చాలు. మంచం మీద రబ్బరు గుడ్డ, దాని మీద నూలు దుప్పటి వేసుకుని లోపల పడుకోండి. ఇంకేదీ జరగాలనే షరతు లేకుండా కొన్నాళ్లు పక్కన ఉండటమే అనుకోండి. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆమెనూ గదిలోకి తీసుకెళ్లండి. ఆమె ఒంటికి కూడా వయసుతో మార్పులు వచ్చి ఉంటాయి, పొడిబారడం, నొప్పి ఉండవచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకూ చోటు కావాలి.

మగవాణ్నేనా అన్నారు. క్యాన్సర్‌కు కోత పడి, ఎనిమిది నెలల్లో మళ్లీ వడ్ల మూట పట్టిన మనిషి మీరు. ఆ అనుమానం మీకెందుకన్నా?

మా నాన్నకు లక్ష్మణఫలం ఆకు కషాయం, విటమిన్ ఇ మాత్రలు ఇవ్వమని తెలిసినవాళ్లు చెప్పారు. ఇవ్వవచ్చా?
– ఆదోని

వద్దు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై అయిదు వేలకు పైగా మగవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో, రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ మింగినవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. మేలు చేస్తుందని ఇచ్చిన మాత్ర అది. లక్ష్మణఫలంలో నరాలకు హానిచేసే పదార్థం ఉంది, ఆకు కషాయం అసలే వద్దు. ఇప్పటికే ఏదైనా ఆకుపసరు, చూర్ణం వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చూపించండి.

జబ్బు ఆయనది, ఏడుపు నాది. అందరూ ఆయన ఎలా ఉన్నాడని అడుగుతారు. నన్ను అడిగేవాళ్లు లేరు. ఇలా అనుకోవడం తప్పా?
– ఒక ఇల్లాలు, బళ్లారి

తప్పు కాదమ్మా. ఈ జబ్బులో దిగులు రోగి కన్నా భార్యకే ఎక్కువగా ఉంటుందని అధ్యయనాల్లోనూ కనిపించింది. ఆసుపత్రి చీటీలు, డబ్బు లెక్కలు, రాత్రి మెలకువలు అన్నీ మీ మీదే పడి ఉంటాయి. వారానికి ఒక పూట ఆయన్ను కొడుక్కో, మరిదికో అప్పగించి మీరు బయటికి వెళ్లండి, గుడికైనా, అక్క ఇంటికైనా. మీ బీపీ, షుగర్ పరీక్షలు వాయిదా వేయకండి. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, ఏ పని మీదా మనసు పోకపోయినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనైనా కన్నడలోనైనా మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చేయండి.