వేరొకరు నడిచే వాకిలి

మొదటిసారి ఒక ఇల్లు కొనో, కట్టించో అద్దెకివ్వబోయేవాళ్లు డబ్బంతా గోడల లోపలే ఖర్చు పెట్టేస్తారు. టైల్సు, పుట్టీ, రంగులు, వంటగది అరలు, కుళాయిలు అయ్యేసరికి చేతిలో ఏమీ మిగలదు. పెరట్లో మాత్రం మేస్త్రీలు వదిలేసిన కంకర, సిమెంటు పెచ్చులు, విరిగిన టైలు ముక్కలు, మూలనో పిచ్చితుమ్మ. "అద్దెకొచ్చేవాళ్లు చూసుకుంటార్లే" అని గేటుకు టు-లెట్ బోర్డు కట్టేస్తారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

ఆ ఇంట్లో మనం ఉండం. అక్కడ పూసిన పువ్వు మన దేవుడి గూటికి రాదు. అయినా ఆ నేలను బాగు చేయడానికి పూనుకోవడంలో, మనిషి ఎదగడానికి కావలసిన సాధన చాలా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆస్తి రిజిస్టరైన రోజునే యజమాని చూపు వచ్చేస్తుంది. ఆ ఇంట్లో బతకబోయే మనిషి చూపు మాత్రం అంత తేలిగ్గా రాదు. దాన్ని పనిగట్టుకుని అలవరచుకోవాలి. అందుకు ఇంట్లోని ఏ గది కన్నా పెరడే బాగా పనికొస్తుంది.

కాబట్టి పైసా తీయకముందు ఒక పూట ఆ ఖాళీ ఇంటి దగ్గర గడపండి. పొద్దున్నే తలుపు తీసిన ఇల్లాలు కళ్లాపి చల్లి ముగ్గు వేయడానికి చదునైన చోటు ఉందా? బండి లోపలికి తెచ్చి తిప్పుకోవడానికి వీలుందా? ఉతికిన బట్టల బకెట్టుతో దండెం దాకా నడవాలంటే కాలు బురదలో పడుతుందా? వేసవిలో వడియాలు పెట్టుకునేంత ఎండ ఎక్కడ పడుతుంది? ముసలివాళ్లు సాయంత్రం కుర్చీ వేసుకునే నీడ ఏ పక్క వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే ఖర్చు ఎక్కడ మొదలవ్వాలో కాగితమే చెబుతుంది. డబ్బు తక్కువగా ఉండడం ఇక్కడ మేలే చేస్తుంది. పుష్కలంగా ఉన్నవాడు కంటికి నచ్చింది ముందు కొంటాడు. లెక్క చూసుకునేవాడు ఏది ముందో, ఏది వెనకో తేల్చుకోక తప్పదు.

ఆ వరసలో మొదటిది నీళ్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లవుతాయి. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకే 900 లీటర్లు దాటి కిందికి దిగుతాయి. ఆ నీళ్లు దిగే గొట్టాన్ని గోడ పక్కనే వదిలేస్తే పునాది దగ్గర తడి, లోపల గోడకు చెమ్మ, బయట నాచు. అద్దెకున్నవాళ్లతో సగం గొడవలు ఆ చెమ్మ దగ్గరే మొదలవుతాయి. జోరుగా వాన కురుస్తున్నప్పుడు గొడుగేసుకుని పెరట్లో నిలబడి చూడండి. నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. గోడ నుంచి పది అడుగుల దూరానికి నాలుగైదు అంగుళాల వాలు వచ్చేలా మట్టి సర్దిస్తే చాలావరకు పని తీరిపోతుంది. ఒకరిద్దరు కూలీలు, ఒక ట్రాక్టరు ఎర్రమట్టి చాలు.

నీళ్లు ఇంకే రకం నేలైతే పునాదికి దూరంగా ఇంకుడు గుంత తవ్వించండి. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ముతక ఇసుక. మేస్త్రీలు వదిలేసిన ఇటుక ముక్కలు, రాళ్లు అడుగున వేయడానికి పనికొస్తాయి కనుక చెత్త ఎత్తించే కూలి కూడా కొంత తగ్గుతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లోలాగా నల్లరేగడి అయితే నీళ్లు ఇంకడం నెమ్మది. అక్కడ గుంత కన్నా కాలువకు దారి చూపించడమే మంచిది. నీళ్లు నిలవకూడదనడానికి ఇంకో కారణం డెంగీ. దాన్ని అంటించే దోమ నిలవ నీళ్లలో గుడ్డు పెట్టాక వారం, పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. మన ఆరోగ్య శాఖల వాళ్లు శుక్రవారం శుక్రవారం నిలవ నీళ్లు పారబోసి డ్రై డే పాటించమని చెప్పేది అందుకే. వేరొకరి పిల్లలు ఆడుకునే చోట నీళ్లు నిలవకుండా చూడడం యజమాని బాధ్యతల్లో మొదటిదని నా అభిప్రాయం.

నీళ్ల పని అయ్యాక నడక దారి. చాలామంది ఓనర్లు గడ్డి పీకే బాధ ఉండదని పెరడంతా సిమెంటు చేయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఖర్చు ఎక్కువ, ఎండాకాలంలో ఇల్లంతా సెగ, వాన చుక్క భూమిలోకి దిగదు. నల్లరేగడి వేసవిలో పగుళ్లిచ్చి వానలకు ఉబ్బుతుంది కాబట్టి పైనున్న సిమెంటూ పగులుతుంది. దాని బదులు గేటు నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి దండేనికి, కుళాయికి మాత్రం ఇసుక మీద బండలు పరిపించండి. తాండూరు, బేతంచెర్ల, కడప బండలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కోతలో మిగిలిన ముక్కలు అడిగితే ఇంకా తక్కువకిస్తారు. ఒక బండ కుంగితే లేపి, కింద ఇంత ఇసుక పోసి మళ్లీ పెట్టుకోవచ్చు. బట్టలుతికే చోట గరుకు బండ వేయించి, రెండు ఇనప గొట్టాలు పాతి దండెం కట్టిస్తే అద్దెకొచ్చే ఇల్లాలికి అంతకు మించిన సదుపాయం లేదు.

మొక్కల సంగతికి వస్తే, కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్లినవాళ్లకు కళ్లు చెదరడం సహజం. అక్కడ పెద్ద మొక్కలకు పెద్ద ధర. మనకు చిన్న కవరు మొక్కలు చాలు. అసలు మందారం, నందివర్ధనం కొనాల్సిన పనే లేదు, పక్కింటివాళ్లనడిగి కొమ్మ తెచ్చి నాటుకోవచ్చు. అడగడానికి వెళ్లిన వంకన ఇరుగుపొరుగుతో పరిచయమవుతుంది, రేపు ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక కన్నేసి ఉంచేది వాళ్లే. కరివేపాకు తప్పనిసరి. బట్టలుతికిన నీళ్లు పారే చోట అరటి బాగా వస్తుంది, పిలకలు వస్తూనే ఉంటాయి. మునగ వేస్తే ప్రహరీ వైపు, నడక దారికి దూరంగా వేయండి. కొమ్మ పెళుసు, గొంగళి పురుగులూ పడతాయి. పిల్లలు తిరిగే చోట కొబ్బరి వద్దు. నున్నటి పచ్చిక అద్దె ఇంటికి తగదు, రోజూ నీళ్లు, నెలనెలా కత్తిరింపు కోరుతుంది. గోడ పగుళ్లలో రావి మొలక కనిపిస్తే అది రెండాకులున్నప్పుడే వేళ్లతో సహా తీసేయండి.

ఇవన్నీ ఎప్పుడు చేయాలన్నది కూడా మన పంచాంగంలోనే ఉంది. బడి సెలవుల్లో, మే నెలలో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. ఆషాఢం శూన్యమాసమని కొత్తింట్లో దిగడానికి చాలామంది ఇష్టపడరు, శ్రావణం కోసం ఆగుతారు. ఆ నెల అద్దె పోయిందని ఓనర్లు దిగులుపడతారు. నిజానికి మొక్క నాటడానికి అంతకన్నా మంచి అదను లేదు, తొలకరి వానలు పడి నేల మెత్తబడి ఉంటుంది, కొత్త మొక్క నిలదొక్కుకోవడానికి వానే నీళ్లు పోస్తుంది. మట్టి పని మేలో, నాటడం ఆషాఢంలో ముగిస్తే శ్రావణంలో వచ్చే కుటుంబానికి పెరడు చిగురు వేసి కనిపిస్తుంది.

మట్టి పని కన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. మొక్క కాపుకొచ్చాక ఆ కాయలు ఎవరివి? ఇల్లు అద్దెకిచ్చి, మామిడి చెట్టు మాత్రం తనదేనని వేసవిలో సంచీ పట్టుకొచ్చే ఓనర్లను చాలామందిని చూశాను. ఏడాదంతా నీళ్లు పోసి, ఆకులు ఊడ్చిన కుటుంబం తలుపు వెనక నిలబడి చూస్తుంటుంది. ఆ సంచీ విలువ ఎంత? ఆ రోజు నుంచి వాళ్లు ఆ చెట్టుకు ఒక చెంబు నీళ్లయినా మనస్ఫూర్తిగా పోస్తారా? పండు తినే హక్కు సంరక్షణ చేసినవాళ్లది. ఈ ఒక్కటి మనసులో తేల్చుకోగలిగితే మనకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య ఉండే అనుమానం చాలా తగ్గుతుంది. వాళ్లు నాలుగు కాయలు పంపిస్తే సంతోషంగా తీసుకుందాం, మనం మాత్రం అడగవద్దు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, అద్దెకున్నవాళ్లు వాడుకునే తోట, ఖాళీ స్థలం సంరక్షణను వాళ్ల బాధ్యతల్లోనే చేర్చారు. సున్నాలు వేయించడం, గోడల మరమ్మతు వంటివి యజమానివి. మంచిదే. కానీ తోటను చూసుకోమని అడగాలంటే ముందు అక్కడ తోట ఉండాలి. కంకర కుప్పను అప్పగించి పచ్చదనం అడిగే నైతిక హక్కు మనకుండదు. అందుకే అగ్రిమెంటులో ఈ నాలుగు మాటలు రాయించండి: మొక్కలకు నీళ్లు వాళ్లు పోయాలి, పెద్ద కొమ్మలు కొట్టించే ఖర్చు మనది, కాయలు, పూలు వాళ్లవి, కుండీల్లో ఏమైనా పెంచుకోవచ్చు, నేలలో చెట్టు వేసేముందు మాత్రం ఒక ఫోను చేయాలి.

ఆ ఫోను వచ్చిన రోజున "చూద్దాం" అని దాటవేయకండి. "దొడ్లో నిమ్మ వేసుకుందామనుకుంటున్నామండీ" అని అడిగారంటే ఆ కుటుంబం మీ ఇంట్లో ఇంకొన్నేళ్లు ఉండాలనుకుంటోందన్నమాట. ప్రహరీకి ఎంత ఎడం ఉండాలో చెప్పి వెంటనే సరేననండి, వీలైతే ఆ నెల అద్దెలో మొక్క ఖర్చు తగ్గించి ఇమ్మనండి.