వైరు మీద ‘ఎఫ్.ఆర్.’ ఉందో లేదో చూశారా?

బోరు మోటారు స్టార్టరు ఉన్న కొట్టం పక్కనే చాలామంది గడ్డివాము వేసుకుంటారు. కొట్టం కప్పు కూడా తాటాకో, బోదగడ్డో అయి ఉంటుంది. వైరు అతుకు వదులైతే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి వైరు తొడుగు అంటుకుందంటే తర్వాత జరిగేది వేరే చెప్పక్కర్లేదు.

ప్లాస్టిక్కులన్నీ ఒకేలా కాలవు. డ్రిప్పు లాటరల్ గొట్టాలు పాలిథిన్‌తో చేస్తారు. పాలిథిన్ మైనం లాంటిది. అంటుకుంటే కొవ్వొత్తిలా కరుగుతూ, మండే బొట్లు రాలుస్తూ కాలిపోతుంది. పి.వి.సి. అలా కాదు. దాని బరువులో 57 శాతం దాకా క్లోరినే. మంటలో అది ఆమ్ల వాయువుగా వెలువడి మంటను అణుస్తుంది. అందుకే గట్టి పి.వి.సి. గొట్టానికి నిప్పు చూపి తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది.

వైరు తొడుగు కూడా పి.వి.సి.యే కదా, భయమెందుకంటారా? వైరు వంగాలి కాబట్టి అందులో నూనెలాంటి మెత్తబరిచే పదార్థాలు కలుపుతారు. అవి మండుతాయి. మంట నిరోధక పదార్థాల అవసరం అక్కడే. ఆంటిమొని ట్రైఆక్సైడ్ అనే తెల్లపొడి కొద్దిగా కలిపితే క్లోరిన్‌తో జతకూడి మంటను బాగా అణుస్తుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఇంకో రకం. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఇది తన బరువులో మూడోవంతు నీటిని ఆవిరిగా వదలడం మొదలుపెడుతుంది. మంట మీద నీళ్లు చిలకరించినట్టే అన్నమాట. అయితే పాలిథిన్‌లో పనిచేయాలంటే మొత్తం బరువులో 60 శాతం దాకా కలపాల్సి వస్తుంది. అంత పొడి కలిపితే ప్లాస్టిక్కు బరువెక్కి, సాగే గుణం పోతుంది. డ్రిప్పు గొట్టాలకు అది కుదరదు. వాటి నలుపు చూసి ధైర్యపడకండి. అందులో కలిపే మసి ఎండకు తట్టుకోడానికే గాని నిప్పుకు కాదు. పక్క చేలో పత్తికట్టె తగలబెడుతున్నారని తెలిస్తే ముందే లాటరళ్లు చుట్టి తీసేయండి.

వైరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు మీద అచ్చువేసిన ఇంగ్లీషు అక్షరాలు చూడండి, చదవడం రాకపోతే పిల్లల్ని అడగండి. ఎఫ్.ఆర్. అంటే మంట నిరోధకం. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. అంటే పొగ కూడా తక్కువ. అనుమానముంటే జానెడు ముక్క కోసి, ఆరుబయట, పొగ మీ మీదికి రాకుండా నిలబడి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. పుల్ల తీశాక కూడా మండుతూనే ఉంటే ఆ వైరు వద్దు. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటిరాదు గానీ మరీ నాసిరకం ఇక్కడే దొరికిపోతుంది.

ఎఫ్.ఆర్. వైరంటే అసలు కాలదని కాదు, మంట పాకడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. అతుకు వదులుగా ఉండి, కింద ఎండుగడ్డి పరుచుకుని ఉంటే ఏ పొడీ కాపాడలేదు. వామును కొట్టానికి దూరంగా జరపండి. అతుకులు బిగించి టేపు చుట్టించండి. అంటుకుంటే ముందు మెయిన్ ఆపి పొడి ఇసుక చల్లండి. కరెంటు ఉండగా నీళ్లు పొయ్యొద్దు. పి.వి.సి. కాలిన పొగ కళ్లను, గొంతును మండిస్తుంది కాబట్టి కొట్టం లోపల నిలబడకండి. రాగి కోసం పాత వైర్లు కాల్చేవాళ్లు పీల్చేదీ ఈ పొగనే.