కాంటా ఎవరి చేతిలో ఉండాలి?

జహీరాబాద్

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ దీవించి రాసేది.

న్యాల్‌కల్‌లో మీ గింజల సంఘానికి నిన్ను డైరెక్టరుగా ఎన్నుకున్నారని తెలిసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఆ మురిపెం తీరకముందే నీ ఉత్తరం వచ్చింది. రాబోయే సర్వసభ్య సమావేశంలో మూడు మాటలు చర్చకు వస్తున్నాయని రాశావు. సంఘాన్ని ఉన్నదున్నట్టు నడపాలని కొందరు, మూసేసి ఉన్న సొమ్ము పంచుకుందామని కొందరు, గోదామును ఒక పెద్ద వ్యాపారికి అప్పగించి, అతని తరఫున గింజలు కొని కమీషన్ తీసుకుందామని ఇంకొందరు అంటున్నారు. నేను ఎటు నిలబడాలి పెద్దమ్మా అని అడిగావు.

నా మాట ముందే చెప్తాను. సంఘాన్ని నిలబెట్టు. కానీ ఇప్పుడున్నట్టు నిలబెడితే రెండేళ్లకు మళ్లీ ఇదే చర్చ వస్తుంది. ఎందుకు నిలబెట్టాలో, ఏది మార్చాలో రెండూ వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

సంఘం లేని రోజులు నీ వయసువాళ్లకు తెలియవు. అప్పుడు విత్తనాలకు అప్పిచ్చేది ఎవరో, పంట కొనేదీ వాళ్లే. అప్పు ఇచ్చిన చేతికి గింజ ఇవ్వకుండా వేరేచోట అమ్ముకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? కల్లంలోనో గంజ్‌లోనో కుప్ప పోశాక తేమ ఎక్కువుందంటారు, తాలు ఉందంటారు, మట్టి ఉందంటారు. అన్నిటికీ కలిపి కడ్తా పేరుతో తూకంలో కోత పెడతారు. కాంటా వాళ్లది, రాత వాళ్లది, ధర కూడా వాళ్లదే. చదువురాని ఆడమనిషి తక్‌పట్టీ చీటీ మీద వేలిముద్ర వేసి, ఇచ్చినంత కొంగున కట్టుకుని ఇంటికొచ్చేది. సంఘం పుట్టింది ఈ బాధలోంచే. ధర నాలుగు రూపాయలు పెంచడం తర్వాతి సంగతి. తూకం మన కళ్లముందు జరగాలన్నదే మొదటి కోరిక.

మన ప్రాంతంలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్ గారు, ఆయనతో కలిసినవాళ్లు ఊరూరా దళిత, పేద మహిళల సంఘాలు కట్టారు. 1990ల నడిమిలో ఆ సంఘాలు తమ సొంత రేషన్ వ్యవస్థను తయారుచేసుకున్నాయి. పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చుకోవడానికి దున్నకానికి, ఎరువుకు, కలుపుకు విడతలుగా అప్పు ఇచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా కొన్నేళ్లపాటు తిరిగి కట్టించుకున్నారు. జొన్నలను పట్నం పంపకుండా ఊళ్లోనే దాచారు. వేపాకు, బూడిద వేసి పురుగు పట్టకుండా కాపాడారు. పని దొరకని వానాకాలంలో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఊరందరి ముందూ కూర్చుని, ఏ ఇల్లు ఎంత పేదదో సంఘం వాళ్లే లెక్కగట్టారు. ఆఫీసర్ సంతకం కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఆ మహిళా సంఘాలకే 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. ఆయన పోయినా, పండించేవాళ్లు తినేవాళ్లతో నేరుగా లెక్క మాట్లాడుకోవచ్చునన్న సంగతి ఈ నేల మీద రుజువై ఉంది. సమావేశంలో ఎవరైనా ఇవన్నీ మనవల్ల అయ్యే పనులా అంటే ఈ మాట గుర్తుచెయ్యి.

ఇక సంఘాన్ని మూసేద్దామంటున్న కుర్రాళ్ల వాదన. సంఘం ఇచ్చే ధర కన్నా బయటి వ్యాపారి క్వింటాలుకు యాభై ఎక్కువిస్తున్నాడు, ఇంక సంఘం ఎందుకు అంటున్నారని రాశావు. ఈ మాటను కొట్టిపారెయ్యకు. కాగితం తీసుకుని వాళ్ల ముందే లెక్క వెయ్యి. 2025-26కు హైబ్రిడ్ జొన్నకు మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. సంఘం ఆ ధరే ఇచ్చి, తూకం సరిగ్గా వేసిందనుకో. వ్యాపారి యాభై కలిపి 3,749 చెప్పి, క్వింటాలుకు రెండు కిలోలు కడ్తా తీశాడనుకో. ఆ రెండు కిలోల ఖరీదు 75 రూపాయలు. రైతు చేతికి వచ్చేది 3,674. ఎక్కువిచ్చాడనుకున్నచోట 25 రూపాయలు తగ్గింది. ధర ఒక్కటే చూసేవాడికి ఈ తేడా కనిపించదు.

లెక్క ఒకవేళ వ్యాపారి వైపే మొగ్గినా ఇంకో ప్రశ్న అడుగు. సంఘం కాంటా ఊళ్లో లేకపోతే ఆ యాభై ఎక్కువ వచ్చేదా? పక్కన ఇంకొకరు కొంటున్నారు కాబట్టే అతను ధర పెంచాడు. సంఘం మూతపడ్డ మరుసటి ఏడాది ధర ఎంత ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇదంతా రాశానని వ్యాపారి చెడ్డవాడని నువ్వు సభలో మాట్లాడకు. తక్కువకు కొని ఎక్కువకు అమ్మడం అతని పని, మన గింజకు తగిన ధర రాబట్టుకోవడం మన పని. సంఘానికి ఇవ్వకుండా బయట అమ్ముకున్నవాళ్లను కూడా తప్పుపట్టకు. కూతురి పెళ్లో ఆస్పత్రి ఖర్చో మీదపడితే ఆ రోజే డబ్బిచ్చేవాడి దగ్గరికే మనిషి పోతాడు. సంఘం వారం తర్వాత డబ్బిస్తే ఆ తప్పు సంఘానిది. మార్చవలసిన మొదటి సంగతి ఇదే.

ఈ చర్చ మన ఊరిలోనే పుట్టిందనుకోకు. కెనడా గోధుమ రైతులు దీనిమీద తరాల తరబడి కొట్లాడుకున్నారు. అక్కడ 1935లో గోధుమ బోర్డు పెట్టారు. 1943 నుంచి పడమటి రాష్ట్రాల రైతులు గోధుమలను ఆ బోర్డుకే అమ్మాలని నిర్బంధం పెట్టారు. గింజ ఇచ్చినప్పుడు కొంత డబ్బు, అందరి గింజా కలిపి ప్రపంచ మార్కెట్లో అమ్మాక మిగతాది ఇచ్చేవాళ్లు. చిన్న రైతుకూ పెద్ద రైతుకూ ఒకే రకం గింజకు ఒకే ధర. 1998 నుంచి పదిహేనుమంది డైరెక్టర్లలో పదిమందిని రైతులే ఓట్లతో ఎన్నుకునేవాళ్లు. అయినా తమ గోధుమ తాము అమెరికాలో అమ్ముకుంటామన్న రైతులు కూడా చాలామంది. లారీలతో సరిహద్దు దాటించి జైలుకు పోయినవాళ్లూ ఉన్నారు.

చివరికి 2011లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ నిర్బంధం ఎత్తేస్తానంది. బోర్డు రైతుల మధ్య ఓటింగ్ పెట్టింది. ఓటేసినవాళ్లలో గోధుమ విషయంలో 62 శాతం మంది బోర్డే అమ్మాలన్నారు. ఆ ఓటుకు కట్టుబడనని ప్రభుత్వం చెప్పి, అదే ఏడాది డిసెంబరులో చట్టం చేసింది. రైతులు ఎన్నుకున్న డైరెక్టర్లు ఇంటికి పోయారు. 2012 ఆగస్టు 1 నుంచి బోర్డు పట్టు పోయింది. 2015లో దాని మీద పెత్తనం బంగీ అనే బహుళజాతి ధాన్యం కంపెనీ, సౌదీ ప్రభుత్వ వ్యవసాయ పెట్టుబడుల సంస్థ కలిసి పెట్టిన కంపెనీకి చేరింది.

దీంట్లో మనకు రెండు పాఠాలున్నాయి బిడ్డా. సభ్యుణ్ని నిర్బంధంతో పట్టి ఉంచితే అతను లోపలి శత్రువవుతాడు. కాబట్టి మీ నియమావళిలో సంఘానికే అమ్మాలి, లేకపోతే జరిమానా అన్న వాక్యం పెట్టనివ్వకు. రెండోది ఇంకా పెద్దది. ఆ బోర్డు బలం ప్రభుత్వ చట్టంలో ఉంది, రైతుల వాటాల్లో లేదు. ఇచ్చిన చెయ్యే తీసుకుంది. 62 శాతం మంది అడ్డుపడినా ఆపలేకపోయారు.

అందుకే ములుకనూరు వైపు చూడమంటాను. భీమదేవరపల్లి మండలంలో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు, చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ల రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు, ఎరువులు, బియ్యం మిల్లు, విత్తన వడ్ల శుద్ధి అన్నీ ఒకే సంఘం కింద, సభ్యుల పొదుపు మీద నడిచాయి. ఆ దారిలోనే అక్కడి మహిళలు స్వకృషి పేరుతో తమ డెయిరీ పెట్టుకున్నారు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ సంఘం నిలబడింది, సభ్యుల సొంత సొమ్ము అందులో ఉంది కాబట్టి.

మీ సంఘం ఏ చట్టం కింద నమోదైందో రిజిస్టరు తీసి చూడు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందైతే ప్రభుత్వం వాటాదారు కాలేదు, అది మీకు రక్షణ. ఉత్పత్తిదారుల కంపెనీగా మారుదామని కొందరంటే అదీ తప్పు కాదు. 2020లో కేంద్రం తెచ్చిన పదివేల రైతు సంఘాల పథకంలో ఒక్కో సంఘానికి మూడేళ్లపాటు నిర్వహణ ఖర్చుకు 18 లక్షల వరకు ఇవ్వాలని పెట్టారు. కానీ నాలుగో ఏడాది జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో ముందే అడుగు. జవాబు లేకపోతే మారినా ఫలితం లేదు.

గోదామును వ్యాపారికి అప్పగిద్దామన్నవాళ్లకు ఒక విషయం చెప్పు. కొనేవాడు ఏది కొంటే పొలంలో అదే మొలుస్తుంది. మన నల్లరేగడిలో, ఎర్రనేలలో జొన్న, కంది, పెసర, మినుము, కొర్ర, సామ, ఉలవ, అవిసె, కుసుమ కలిపి వేసుకుంటారు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికొస్తుంది. ఏటా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిరిగేది ఈ విత్తనాలను కాపాడుకోవడానికే. వ్యాపారికి కావలసింది లారీ నిండేంత ఒకే రకం గింజ. నాలుగు కుంచాల సామలు, రెండు సంచుల అవిసెలు అతని లెక్కకు రావు. వాటిని కొనేది సంఘం ఒక్కటే. సంఘం కూడా కందులు, పెసలతోనే సరిపెడితే పదేళ్లలో మిగతా విత్తనాలు కనిపించకుండా పోతాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంలో కొర్రలు, సామలు అడిగేవాళ్లున్నారు. వాటిని పొట్టుతో అమ్మితే రైతుకు మిగిలేది కొంచెమే. పొట్టు తీసే చిన్న మిషన్ సంఘం గోదాములో ఉంటే ఆ లాభం ఊళ్లోనే ఉంటుంది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తోంది. ఇంట్లో జొన్నరొట్టె తగ్గేకొద్దీ జొన్నకు బయటి గిరాకీ వెతకవలసిన పని మీ మీదే పడుతుంది.

భూమి సంగతి కూడా మరిచిపోవద్దు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక ప్రాంతం కోసం 12,635 ఎకరాలకు ప్రణాళిక వేశారు. 2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్ పారిశ్రామిక నగరానికి ఆమోదం కూడా ఇచ్చింది. భూమి పోయిన సభ్యులు ఎవరు, ఎంత గింజ తగ్గుతుంది, వాళ్ల వాటా సొమ్ము ఎలా తిరిగిస్తారు అన్నది మీ లెక్కల్లో ఉండాలి.

సమావేశానికి ముందు ఈ పనులు చెయ్యి. గడిచిన మూడేళ్ల లెక్కలు తెలుగులో రాయించి పంచాయతీ గోడకు అంటించు. సభలో పైకి చదివించు. పట్టా భర్త పేరున ఉన్నా చేను చేసే ఆడమనిషికీ, కౌలుకు చేసేవాళ్లకూ సభ్యత్వం, ఓటు ఉండాలని తీర్మానం పెట్టు. ఒక మనిషికి ఒక ఓటే ఉండాలి, ఎకరాలను బట్టి ఓటు వద్దు. విత్తనం వేసేముందే సంఘం కొనే కనీస ధర ప్రకటించాలి. గింజ ఇచ్చిన రోజే సగం డబ్బు, వారంలో మిగతాది ఇవ్వాలి. లాభంలో కొంత ఏటా నిల్వనిధికి పోవాలి. కాంటాకు ఏటా ముద్ర వేయించాలి. ఎవరు ఎప్పుడొచ్చినా తమ సొంత బాట్లు పెట్టి తూచి చూసుకునే హక్కు ఉండాలి. ఇవన్నీ ఒప్పుకున్నాకే, సంఘం ఉండాలా వద్దా అన్న ఓటు పెట్టించు. చీటీలతో, రహస్యంగా ఓటు వెయ్యనివ్వు. చెయ్యెత్తించే ఓటులో అప్పులున్నవాళ్లు అప్పిచ్చినవాడి మొహం చూసి చెయ్యెత్తుతారు.

ఓడిపోతే బాధపడు, కానీ గొడవపడకు. గెలిస్తే ఓడినవాళ్ల ఇళ్లకు మొదట పో. వాళ్ల గింజ లేకుండా సంఘం నిండదు.

న్యాల్‌కల్ ఆడవాళ్లు ఎండలో పండించిన గింజకు ధర చెప్పే హక్కు ఇంకొకరికి పోకూడదు. ఆ హక్కు కాపాడటానికే నీకు ఆ కుర్చీ ఇచ్చారు. ధైర్యంగా నిలబడు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ