ముందు ప్రశ్న, తర్వాతే వీడియో

సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ దగ్గరి మా రూమ్‌లో నలుగురం కలిసి చదువుకుంటాం. బైనరీ సెర్చ్ వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటది. ల్యాబ్‌లో కోడ్ రాయమంటే మాత్రం చేతులాడవు. అందుకే ఇప్పుడు ముందు ప్రశ్న పెట్టుకుంటున్నాం: అక్షర క్రమంలో ఉన్న 1000 పేర్లలో ఒక పేరు వెతకాలంటే ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు చూడాలి?

ఎవరి జవాబు వాళ్లు ఫోన్‌లో పోల్ పెట్టి ఓటేయాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించి, మళ్లీ ఓటేయాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇట్లాంటిదే.

ఎవరైనా ఆగిపోతే జవాబు చెప్పేయొద్దు. "మధ్య పేరు చూస్తే ఎన్ని పేర్లు పక్కకు పోతాయి?" అని అడగండి. సగం పోతాయి, మళ్లీ సగం... 10 సార్లలో తేలిపోతది. అప్పుడు వీడియో పెట్టండి. మన లెక్క సరిపోయిందా అని చూస్తుంటే నిద్ర రాదు!