తొమ్మిదో తరగతిలో చెయ్యాల్సింది కొంచెమే

కేటీ, టెక్సస్
ఆగస్టు 17, 2025

చిన్నూ,

ఫోన్లో చెబుదామంటే మీ నాన్న పక్కనే కూర్చుని మాట అందుకుంటాడు. నేను ఒకటి చెప్పేలోపు వాడు నాలుగు అడుగుతాడు. అందుకే ఉత్తరం. ఎనిమిదో తరగతి దాకా హైదరాబాద్‌లో తెలుగు చదివావు కనక చదవడానికి నీకు ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషులో రాస్తే నాకు క్లాసురూమ్ గొంతు వచ్చేస్తుంది, అది నీకూ నచ్చదు, నాకూ నచ్చదు.

మొన్న మీ నాన్న ఒక ఎక్సెల్ షీటు పంపాడు. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు, ఏ వేసవిలో ఏ క్యాంపు, ఎస్ఏటీ కోచింగ్ ఎప్పట్నుంచి, అన్నీ ఉన్నాయి. చివరి గడిలో స్టాన్‌ఫర్డ్ అని రాసి పచ్చరంగు వేశాడు. వాడిని అనడానికేం లేదు, మన దగ్గర చదువుల లెక్క అలాగే ఉంటుంది. నిజాంపేటలో ఆరో తరగతి నుంచే నిన్ను ఐఐటీ ఫౌండేషన్‌లో వేశారు. అక్కడ పరీక్ష రాస్తారు, ర్యాంకు వస్తుంది, ర్యాంకును బట్టి సీటు. కష్టమే కానీ లెక్క తేటగా ఉంటుంది. ఇక్కడ అలా ఉండదు. స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్ లాంటి చోట్ల నూరుమంది అప్లై చేస్తే తీసుకునేది నలుగురి దరిదాపుల్లోనే. మిగిలిపోయినవాళ్లలో బంగారంలాంటి పిల్లలు బోలెడంతమంది. ఏళ్లతరబడి ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను కదా, ఖాయం అనుకున్నవాళ్లకు రాలేదు, నేను ఊహించనివాళ్లకు వచ్చింది. కారణం ఎవరూ చెప్పరు. అందుకని చివరి గడిలో ఒక పేరు రాసేసుకుని, అక్కణ్నుంచి వెనక్కి నాలుగేళ్లు నింపుకుంటూ రావడం నాకు బొత్తిగా నచ్చదు. తొమ్మిదిలో నీ పని అంతకన్నా చాలా చిన్నది. ముందుముందు నీకు అవసరమయ్యే దారి ఏదీ ఇప్పుడే మూసుకుపోకుండా చూసుకోవాలి, అంతే.

అలా చప్పుడు లేకుండా మూసుకుపోయేది లెక్కల దారి. ఇక్కడ మన దగ్గరలాగా అన్నీ కలిపి ఒకే పుస్తకంలో ఉండవు. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, ఆ తర్వాతే ఏపీ, అంటే కాలేజీ స్థాయి, కాలిక్యులస్. ఒకటి అయితే కానీ ఇంకోదానికి పంపరు. నిన్ను ఆల్జీబ్రా 1లో వేశారని నాన్న చెప్పాడు. ఏడాదికొకటి చొప్పున వెళితే పన్నెండులో ప్రీకాలిక్యులస్ దగ్గర ఆగిపోతావు. ఇంజినీరింగ్ అనుకునే పిల్లల్లో చాలామంది అప్పటికి కాలిక్యులస్‌లో ఉంటారు. ఇప్పుడు సర్దుకోవడం తేలిక, పదకొండులో గుర్తొస్తే కష్టం. రెండు మార్గాలున్నాయి. పదో తరగతిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 కలిపి తీసుకోవడం ఒకటి. రెండోది టెక్సస్‌లో ఉండే క్రెడిట్ బై ఎగ్జామ్. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి 80 తెచ్చుకుంటే ఆ కోర్సు అయిపోయినట్టే. ఫౌండేషన్‌లో నీ చేత క్వాడ్రాటిక్ ఈక్వేషన్లు కూడా చేయించారు కనక ఆల్జీబ్రా 1కి అది నువ్వు రాయగలవనే అనుకుంటున్నా. కానీ పరీక్ష నెగ్గాలనే పట్టుదలతో రాయకు. గ్రాఫులు, వర్డ్ ప్రాబ్లమ్స్ ఇక్కడ వేరే తీరులో అడుగుతారు. ముందు ఒక పాత పేపరు చేసి చూడు, తడబడితే హాయిగా క్లాసులోనే కూర్చో.

రెండో భాష సంగతి కూడా కౌన్సెలర్‌ని అడుగు. ఇక్కడ హైస్కూలు పూర్తిచెయ్యాలంటే అది రెండేళ్లు ఉండాలి, గట్టి కాలేజీలు మూడు నాలుగేళ్లు ఉంటే బాగుంటుందంటాయి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు తెలుగులో పరీక్ష పెట్టి క్రెడిట్ ఇస్తున్నాయి. మీ డిస్ట్రిక్టులో ఉందా లేదా కనుక్కో. అయినా స్పానిష్ నేర్చుకోమనే అంటాను, టెక్సస్‌లో ఉంటూ అది రాకపోవడం నష్టం.

ఇక మార్కులు. అక్కణ్నుంచి వచ్చిన పిల్లలందరూ మొదటి సెమిస్టర్లో దెబ్బ తినేది ఇక్కడే. మనకు యూనిట్ టెస్టులు ఎలా పోయినా చివరి పరీక్షలో లాక్కొచ్చే అలవాటు. ఇక్కడ ప్రతి హోంవర్కూ, ప్రతి క్విజ్జూ ఆ సెమిస్టర్ గ్రేడులో కలుస్తుంది. తొమ్మిది అసైన్‌మెంట్లలో 95 వచ్చి, పదోది పెట్టడం మర్చిపోయావనుకో, దానికి సున్నా పడుతుంది. సగటు 85.5. ఏ గ్రేడు రావాల్సినవాడికి బీ వస్తుంది. తెలివి తక్కువై కాదు, బ్యాగులో ఉన్న కాగితం ఇవ్వక. నా క్లాసులో ఏటా ఇలాంటి పిల్లలు ఉంటారు. పని చేసే ఉంటారు, సబ్మిట్ బటన్ నొక్కి ఉండరు. రాత్రి పడుకునే ముందు ఫోన్లో గ్రేడ్‌బుక్ తెరిచి "మిస్సింగ్" అని ఏమైనా ఉందేమో చూసుకో. ఈ ఏడాది మార్కులు కూడా ట్రాన్‌స్క్రిప్టులో ఉంటాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు మాత్రం జీపీఏ కట్టేటప్పుడు తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలపవు. మీ నాన్న ఇది ఎక్కడో చదివి "అయితే ఈ ఏడాది పర్లేదా" అన్నాడు. పర్లేదు కాదు. నువ్వు ఉండేది టెక్సస్‌లో.

టెక్సస్‌లో ర్యాంకు కూడా ఉంది మరి, దాని సంగతి చెప్పాలి. 1997లో చేసిన చట్టం ప్రకారం ఇక్కడ ప్రతి హైస్కూల్లో పైనున్న పది శాతం మందికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రవేశం దానంతటదే వస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి, అదే యూటీ ఆస్టిన్‌కు, మినహాయింపు ఇచ్చారు. తన టెక్సస్ సీట్లలో నాలుగింట మూడు వంతులే అలా నింపితే చాలు. అందుకని అక్కడ గీత పైకి జరుగుతూ పోయి ఆరు శాతానికి వచ్చింది, 2026లో చేరేవాళ్లకు అయిదు. నీ బ్యాచ్‌కు ఎంతో నువ్వు పదకొండులో ఉన్నప్పుడు చెబుతారు. అది కూడా యూనివర్సిటీలో చోటే తప్ప కంప్యూటర్ సైన్స్‌లో చోటు కాదు, ఆ బ్రాంచికి మళ్లీ విడిగా చూస్తారు. మీ ఫ్రిస్కో, ప్లేనో వైపు స్కూళ్లలో ఆ అయిదు శాతం కోసం పిల్లలు ఒక దశాంశానికి కొట్టుకుంటారు. జీపీఏకి వెయిటు లేదని వయొలిన్ మానేసినవాళ్లను చూశాను. నువ్వు ఆ పందెంలో దిగకు. లెక్కలు, సైన్సు ఆనర్స్‌లో తీసుకో. ఏపీ ఈ ఏడాది ఒకటి చాలు, అది కూడా ఇంగ్లీషు వ్యాసాలు రాయడం కుదురుకుందనిపిస్తేనే. తొమ్మిదిలో అందరూ తీసుకునే ఏపీ హ్యూమన్ జాగ్రఫీలో చదవాల్సింది చాలా ఉంటుంది. యూటీ డాలస్ మీ ఇంటికి అరగంట దూరం, మంచి చోటు. దాన్ని ఓడిపోయినవాళ్లు వెళ్లే చోటుగా మాట్లాడే అంకుల్స్ మాటలు చెవిన పెట్టకు.

ఎస్ఏటీ గురించి ఇప్పుడు అస్సలు వద్దు. కోవిడ్ అప్పుడు చాలా చోట్ల తీసేశారు. ఎంఐటీ 2022లో, హార్వర్డ్, యూటీ ఆస్టిన్ 2024లో మళ్లీ పెడుతున్నామన్నాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు అసలు చూడవు. ఆల్జీబ్రా 2 అయ్యాక ఒక వేసవి కూర్చుంటే సరిపోయే పరీక్ష అది. ఈలోపు ఇంగ్లీషులో ఏదో ఒకటి చదువుతూ ఉండు, క్రికెట్ వ్యాసాలైనా సరే.

పదకొండో తరగతి చివర్లో పిల్లలు నా దగ్గరికి సిఫారసు ఉత్తరం కోసం వస్తారు. రాసే ముందు బ్రాగ్ షీట్ అని ఒకటి నింపించుకుంటాం. నిరుడు ఒక అబ్బాయి షీట్లో తొమ్మిది క్లబ్బులు, రెండు సంస్థలకు ఫౌండర్, ఒక పెద్ద యూనివర్సిటీ పేరున్న వేసవి క్యాంపు. ఆ క్యాంపుకు ఇంట్లో కొన్ని వేల డాలర్లు కట్టారు. డబ్బు కట్టిన క్యాంపు అడ్మిషన్‌కు పెద్దగా పనికిరాదని అందరికీ తెలుసు, అయినా కడుతూనే ఉంటారు. వాడు మంచివాడే, కానీ ఏడాదంతా నా క్లాసులో కూర్చున్నా వాడి గురించి ఒక్క వాక్యం తోచక స్క్రీను ముందు చాలాసేపు కూర్చున్నాను. అదే ఏడు ఒక అమ్మాయి. బోర్డు మీద ఒక లెక్క చేసి, అందరూ ఒప్పుకున్నాక, తన సీటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చింది. "ఇక్కడ ఎక్స్‌తో భాగించాను, ఎక్స్ సున్నా అయితే?" అని తనే కొట్టేసింది. ఆ పిల్లకు రెండు పేజీలు రాశాను. మీ టీచర్లకు నువ్వు ఎవరో తెలియాలి. మనవాళ్లకు డౌటు అడగడం నామోషీ. ఇక్కడ స్కూలుకు ముందో తర్వాతో ట్యుటోరియల్స్ అని టీచర్లు ఖాళీగా కూర్చుంటారు. వెళ్లు. వచ్చినవాళ్లను మేం గుర్తుపెట్టుకుంటాం.

క్లబ్బుల గొడవ కూడా ఇందులోదే. చాలా కాలేజీలకు ఒకటే దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో పది వ్యాపకాలకు చోటు ఉంటుంది, ఒక్కోదాని వివరానికి 150 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో సహా. మీ వదిన హైస్కూలంతా శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పింది, అదంతా ఒకటిన్నర లైనులో ఇమిడిపోయింది. పదీ నింపాలని ఎక్కడా లేదు. తను ఐదు గడులు నింపి ఊరుకుంది.

నీకు నిజంగా ఇష్టమైంది నాకు తెలుసు. నేను హైదరాబాద్ వచ్చినప్పుడల్లా 218 నంబరు బస్సు కోఠి నుంచి ఎక్కడెక్కడ ఆగుతుందో, సికింద్రాబాద్ వెళ్లాలంటే 10హెచ్ ఎక్కడ పట్టుకోవాలో నువ్వే నాకు చెప్పేవాడివి. అలాంటివాడిని తీసుకొచ్చి సిటీ బస్సు లేని ఊళ్లో పడేశారు. పక్కనే ప్లేనోలో డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్ బస్సులు, రైళ్లు ఉన్నాయి, ఫ్రిస్కోలో ఎందుకు లేవో ఎప్పుడైనా ఆలోచించావా? డార్ట్‌లో చేరిన ఊళ్లు ప్రతి డాలరు అమ్మకం మీద ఒక సెంటు పన్ను దానికి ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ సెంటును ఆర్థికాభివృద్ధి సంస్థలకు పెట్టుకుంది. స్టేడియాలు, ఆఫీసులు వచ్చాయి, బస్సు రాలేదు. ఇది మంచిదా చెడ్డదా అన్నది నిజంగా వాదించుకోదగ్గ సంగతి. డార్ట్ తన రూట్లు, టైములు అన్నీ డేటా ఫైళ్లుగా నెట్‌లో పెడుతుంది, దించుకుని మ్యాపు గీసుకోవచ్చు. సిటీ కౌన్సిల్ మీటింగులకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నీకు ఆసక్తి ఉంటే చెయ్యి, లేకపోతే వదిలెయ్. కాలేజీ కోసమని మాత్రం చెయ్యకు. మీ నాన్నకు ఇప్పుడే చెప్పకు కూడా, వెంటనే దానికి ఒక వెబ్‌సైటు, ఒక లోగో, నీకు ప్రెసిడెంట్ పదవి తయారుచేస్తాడు.

మీ నాన్న షీట్లో లేనిది వీసా. నీకు కాస్త పెద్ద విషయమే అయినా ఇప్పుడే తెలియాలి. నువ్వు హెచ్4, అంటే ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా, మీద ఉన్నావు. నీ ఫ్రెండ్స్ వేసవిలో స్విమ్మింగ్ పూల్ దగ్గరో ఐస్‌క్రీమ్ షాపులోనో పనిచేసి డబ్బు తెచ్చుకుంటారు. నువ్వు జీతం తీసుకునే పని ఏదీ చెయ్యకూడదు, ఇంటర్న్‌షిప్ అయినా అంతే. ఎవరైనా "క్యాష్ ఇస్తాలే" అన్నా వద్దు. జీతం లేని సేవ వేరు. 2032 జనవరికి నీకు 21 నిండుతాయి. అప్పటికి కాలేజీ మూడో ఏడులో ఉంటావు. ఈలోపు గ్రీన్‌కార్డు రాకపోతే, మన దేశం క్యూ చూస్తే వచ్చేట్టు లేదు, నువ్వు ఎఫ్1 విద్యార్థి వీసాకు మారాలి. ఎప్పుడు మారాలన్నది లాయరుతో మాట్లాడి పెట్టుకోవాల్సిన పని.

కాలేజీల జాబితా కూడా దీన్నిబట్టే మారుతుంది. హెచ్4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు నిన్ను విదేశీ విద్యార్థిగానే చూస్తాయి, సాయం అడిగితే సీటు ఇవ్వడానికే వెనకాడతాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం ఏ దేశంవాళ్లయినా డబ్బు చూడకుండా ఎంచి, అవసరమైనంత సాయం చేస్తాయి. సమస్యల్లా అక్కడ సీటు రావడమే. మిగతా పేరున్న ప్రైవేటు చోట్ల ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటినవి ఉన్నాయి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో హెచ్4 పిల్లలకు ఇన్‌స్టేట్ ఫీజుకు దారి ఉంది, యూటీ ఆస్టిన్‌లో బయటి రాష్ట్రాలవాళ్లు దానికి మూడు రెట్లకు పైనే కడతారు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. అది ఎక్కువగా సిటిజన్లను దృష్టిలో పెట్టుకుని కట్టిందే, అయినా ఒక ఆదివారం మీ అమ్మా నాన్నా కూర్చుని అంకెలు చూడటం మంచిది. ఈ ముక్క నేనే వాడికి విడిగా చెబుతాను. ఇంట్లో డబ్బు గురించి మాట్లాడుతుంటే నువ్వు లేచి వెళ్లిపోకు, అక్కడే కూర్చుని విను. నాలుగేళ్ల తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేల్చేది చాలావరకు అదే.

నిద్ర తగ్గించకు. రాత్రి పన్నెండింటికి నాకు మీమ్స్ పంపుతున్నావు, టైము నాకూ కనిపిస్తుంది.

స్కూలు తెరిచిన కొత్తలోనే షెడ్యూలు మార్పులు ఒప్పుకుంటారు, ఆ తర్వాత కుదరదు. ఈ వారంలోనే కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టు. లెక్కల వరస గురించి, క్రెడిట్ బై ఎగ్జామ్ తేదీల గురించి, తెలుగు పరీక్ష గురించి అడుగు. మెయిల్ నువ్వే రాయి, నాన్న చేత రాయించకు. మూడు నాలుగు వాక్యాలు చాలు, చివర్లో థాంక్స్ చెప్పు. పరీక్ష తేదీ తెలియగానే నాకు మెసేజ్ పెట్టు, పాత పేపర్లు పంపిస్తాను.

మీ అత్త